తవ్విన నేలకు మళ్లీ ప్రాణం: కొల్లాపూర్ యువతకు ఊరి పక్కనే ఒక పని

కొల్లాపూర్ వైపు చదువు పూర్తయిన పిల్లలకు పెద్దవాళ్లిచ్చే ఉద్యోగ సలహా ఒకటే: హైదరాబాదు బస్సెక్కు. ఊరు విడవకుండా చేయగలిగిన ఒక పని గురించి ఇక్కడ చెబుతాను. తవ్వి వదిలేసిన నేల మీద మొక్కలను బతికించే పని ఇది. గుంత తీసి మొక్క నాటడానికి ఎవరైనా కూలికి దొరుకుతారు. రెండు ఎండాకాలాలు దాటించి దాన్ని నిలబెట్టగలిగినవాళ్లు మాత్రం మండలానికి పది మంది కూడా ఉండరు. ఆ కొరతే మీకు అవకాశం.

మన చుట్టూ తవ్విన నేలకేం తక్కువ లేదు. కల్వకుర్తి ఎత్తిపోతల, 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల, రెండూ కృష్ణ నీటిని కొల్లాపూర్ మండలం ఎల్లూరు వైపు నుంచే పైకెత్తుతాయి. సొరంగాలకూ పంపుహౌసులకూ కాలువలకూ తవ్విన రాయీ మట్టీ గుట్టలుగా పడ్డాయి. రోడ్లకూ కట్టలకూ మొరం తీసిన గుంటలున్నాయి. క్రషర్లకు రాయి కొట్టిన గుట్టలున్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పలుగురాయి గనులు, నల్లగొండ, సూర్యాపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులు సరేసరి.

ఈ పనికి డబ్బు ఎవరిస్తారన్నదే మొదటి ప్రశ్న. చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. ఆ అనుమతి పత్రంలో మొక్కలు పెంచాలన్న షరతు ఉంటుంది. షరతులు ఎంతవరకు పాటించారో యజమాని ఏటా జూన్ 1కి ఒకసారి, డిసెంబర్ 1కి ఒకసారి నివేదిక ఇవ్వాలి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు మరో మాట కూడా చెప్పింది: గని పని ముగిశాక ఆ నేల మీద పశువులు మేయడానికి వీలుగా గడ్డి పెంచి ఇవ్వాలన్న షరతు పెట్టమంది. సున్నపురాయి వంటి పెద్ద ఖనిజాలకైతే 2017 నాటి ఖనిజ సంరక్షణ నియమాల ప్రకారం గనిని మూసేటప్పుడు నేలను ఎలా బాగుచేస్తారో ముందే ప్రణాళిక ఇవ్వాలి. 2015లో చట్టం మార్చి పెట్టిన జిల్లా ఖనిజ నిధిలో పర్యావరణ పనులకు ప్రాధాన్యం ఉంది. అంటే కాగితం మీద ఈ పని ఇప్పటికే ఉంది. జూన్ వచ్చేసరికి ఫొటో చూపించడానికి మొక్క లేక హడావుడిగా నాలుగు కర్రలు పాతే యజమానికి, ఆ తిప్పలు తప్పించే మనిషి కావాలి.

ఇక నేల సంగతి. అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసింది ఇదే. చెలక భూమి ఎంత పేదదైనా అందులో కొంత బంకమన్ను, కొంత కుళ్లిన ఆకు, కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. నలభై, యాభై అడుగుల లోతు నుంచి పైకొచ్చిన రాతి మన్నులో ఈ మూడూ ఉండవు. వాన పడితే నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, లేదా క్రషర్ పొడి పేరుకుని పైన పెంకు కట్టిన చోట ఇంకకుండా పారిపోతాయి. ఏప్రిల్‌లో ఆ రాళ్లు కాలితే లేత వేరు మాడిపోతుంది. అక్కడ గడ్డపారతో గుంత తీసి, గుప్పెడు డీఏపీ వేసి, మొక్క పెట్టి వెళ్లిపోతే దసరా దాకా పచ్చగా ఉంటుంది. ఉగాదికి పుల్ల మిగులుతుంది.

డీఏపీతో ఎందుకు కాదంటే, మొక్కకు కావలసిన భాస్వరం మట్టిలో కదలదు. వేరు తన చుట్టూ ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల మేర భాస్వరాన్ని పీల్చేసుకున్నాక ఇక దానికి అందదు. ఇక్కడ సాయానికి వచ్చేది మైకోరైజా అనే శిలీంధ్రం. ఎరువుల దుకాణాల్లో 'వ్యామ్' అంటారు. ఇది వేరులోపల కాపురముండి, వేరుకంటే ఎంతో సన్నని దారాలను మట్టిలోకి అంగుళాల దూరం పంపుతుంది. రాళ్ల సందుల్లో వేరు దూరలేని చోటికి ఈ దారాలు దూరుతాయి. భాస్వరం, జింకు, కొంత నీటిని కూడా వేరుకు తెచ్చిస్తాయి. బదులుగా మొక్క తయారుచేసిన చక్కెరను తీసుకుంటాయి. భాస్వరం ఎరువు ఎక్కువ పోస్తే మొక్క ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకే తవ్విన నేల మీద మైకోరైజా వేసిన గుంతలో డీఏపీ వేయకండి.

రెండోది రైజోబియం అనే బాక్టీరియా. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. కానుగ, మోదుగ, తుమ్మ, చండ్ర, గిరిపుష్పం, వెంపలి దీనికి పనికొస్తాయి. మన బతుకమ్మ పువ్వు తంగేడు కూడా చిక్కుడు జాతిదే గాని దాని వేళ్లకు బుడిపెలు రావు. చింతకూ రావు. తంగేడు దిబ్బల మీద తానుగా బతుకుతుంది కాబట్టి నాటండి, దానికి రైజోబియం పట్టించి డబ్బు పోగొట్టుకోకండి. కానుగ మొక్కను పీకి చూసినప్పుడు బుడిపె కనిపిస్తే గోటితో చిదమండి. లోపల గులాబీగా, ఎర్రగా ఉంటే పని జరుగుతోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. యజమాని ముందు ఈ ఒక్క పరీక్ష చేసి చూపిస్తే మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఈ జీవులను ఒట్టి రాతి మన్నులో చల్లితే ఎక్కువ కాలం బతకవు. వాటికి తిండి కావాలి, తేమ కావాలి. ఆ రెండూ ఇచ్చేది పెంట ఎరువో కంపోస్టో. ఎరువు ఒక్కటే వేసినా పూర్తి ఫలితం రాదు, జీవులను ఒక్కటే వేసినా రాదు. రెంటినీ కలిపి వాడటం మన దేశంలో గట్టిగా రుజువు చేసింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ). ఆశా జువార్కర్ వంటి శాస్త్రవేత్తలు నాగ్‌పూర్ జిల్లా గుమ్‌గావ్ మాంగనీసు గని దిబ్బల మీద ఈ పని చేశారు. చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడపోసినప్పుడు మిగిలే మడ్డి, అంటే ప్రెస్‌మడ్‌ను గుంతల్లో నింపి, రైజోబియం, అజటోబాక్టర్, మైకోరైజా పట్టించిన టేకు, వేప, సిస్సూ వంటి మొక్కలు నాటారు. అంతకుముందు గడ్డి కూడా సరిగా మొలవని చోట నూటికి తొంభైకి పైగా మొక్కలు నిలిచాయి. మనకైతే కొత్తకోట వైపు చక్కెర మిల్లు ఉంది. ప్రెస్‌మడ్ దొరుకుతుందా, లారీ కిరాయి ఎంత పడుతుందో కనుక్కోవడం మీ మొదటి వారం పనుల్లో ఒకటి. తాజా మడ్డి వేడెక్కుతుంది. రెండు మూడు నెలలు కుప్పవేసి, తిరగేసి, మాగిన తర్వాతే వాడాలి.

పచ్చి పేడ విషయంలోనూ అంతే. మాగని పేడ గుంతలో వేడి పుట్టిస్తుంది, చెదలను పిలుస్తుంది. పచ్చి వరిగడ్డి గుంతలో కలిపితే దాన్ని కుళ్లబెట్టే జీవులు ఉన్న కాస్త నత్రజనిని తామే తినేస్తాయి. గడ్డిని గుంత పైన పరవండి, లోపల వద్దు. బాగా మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే అడవి మట్టి వాసన రావాలి, ఘాటు వాసన రాకూడదు. చెరువు మట్టి మనకు దగ్గరి సంపద. సింగోటం వంటి చెరువులున్న ప్రాంతం మనది. పూడిక మట్టిలోని బంకమన్ను రాతి నేలలో నీటిని పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో నీటిపారుదల శాఖనూ పంచాయతీనీ అడిగి అనుమతితో తెచ్చుకోండి.

జీవన ఎరువుల పేరుతో అంగళ్లలో రంగు నీళ్లూ బొగ్గుపొడీ అమ్మేవాళ్లు లేకపోలేదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006 నుంచి జీవన ఎరువులకు కూడా ప్రమాణాలున్నాయి. పొడి రూపంలోని రైజోబియం, అజోస్పైరిల్లం వంటివాటిలో గ్రాముకు ఐదు కోట్ల జీవకణాలు, ద్రవరూపంలోనివాటిలో మిల్లీలీటరుకు పది కోట్లు ఉండాలి. సంచి మీద తయారీ తేదీ, గడువు తేదీ, ఏ పంటకు అన్నది రాసి ఉందో లేదో చూడండి. వేరుశనగకు ఇచ్చే రైజోబియం కానుగకు పనికి రాకపోవచ్చు, అడిగి తీసుకోండి. ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టిన సంచి కొనకండి. మన జిల్లాలోనే పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నాసిరకం కొని మోసపోవడం కంటే అక్కడికి వెళ్లి ఒక పూట కూర్చుని అడగడం మేలు.

మైకోరైజాను మాత్రం మీరే పెంచుకోవచ్చు. ఇది బతికున్న వేరు మీద తప్ప పెరగదు. సిమెంటు తొట్టి గాని, టార్పాలిన్ పరిచిన చిన్న గుంత గాని తీసుకోండి. మట్టీ ఇసుకా సమంగా కలిపి, ఏప్రిల్ ఎండలో తడిపి, ప్లాస్టిక్ కప్పి నెల రోజులు కాల్చండి. అప్పుడు నమ్మకమైన చోట కొన్న మైకోరైజాను ఒక పొరగా వేసి, పైన జొన్నలు విత్తండి. రెండున్నర, మూడు నెలలు పెంచాక నీళ్లు ఆపేసి, మొక్క వడలిన తర్వాత కాండం కోసేయండి. మిగిలిన వేళ్లను ముక్కలుగా నరికి ఆ మట్టితో కలిపితే అదే మీ మందు. దీన్ని దిబ్బ మీద చల్లడం వృథా. నర్సరీ సంచిలో గింజ కింద, వేరు తగిలేట్టు చెంచాడు వేస్తే మొక్క దిబ్బ ఎక్కేనాటికే వేరులో కాపురం కుదిరి ఉంటుంది. బూజు మందులు, ముఖ్యంగా కార్బెండజిమ్ లాంటివి, నర్సరీ సంచుల్లో పోస్తే ఈ శ్రమంతా పోతుంది. మీరు తయారుచేసింది మీ మొక్కలకు వాడుకోండి. సంచి కట్టి పేరు పెట్టి అమ్మాలంటే వ్యవసాయ శాఖ అనుమతి తీసుకోవాలి.

అజోస్పైరిల్లం, భాస్వరం కరిగించే బాక్టీరియా, ట్రైకోడెర్మా వాడకం తేలిక. రెండు కిలోల పొడిని వంద కిలోల మాగిన ఎరువులో కలిపి, చెట్టు నీడన తడి గోనె కప్పి వారం ఉంచి, సాయంత్రం పూట గుంతల్లో వేయండి. యూరియాతో కలపకూడదు.

ఏం నాటాలన్న దగ్గర కొల్లాపూర్ మనసు మామిడి మీదికి పోతుంది. మన మామిడికున్న పేరు అలాంటిది. కానీ రాతి గుంతలో మామిడి తల్లివేరు దిగదు, మొదటి ఐదేళ్లు ఆ మాటే వద్దు. పాలమూరు నేల స్వయంగా చూపిస్తున్న పండు సీతాఫలం. బాలానగర్ రకం పుట్టింది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. రాళ్లలో దానంతట అదే మొలిచే చెట్టు అది. దానితోపాటు రేగు, కానుగ, వేప, మోదుగ, తంగేడు, చండ్ర. సర్కారు తుమ్మనూ సుబాబుల్‌నూ పచ్చదనం త్వరగా వస్తుందని నాటేవాళ్లున్నారు. అవి పక్క చెలకల్లోకి పాకితే రైతు మిమ్మల్ని క్షమించడు. ఒక హెచ్చరిక: మాంగనీసు వంటి లోహపు గనుల దిబ్బల మీద పండ్లూ ఆకుకూరలూ పెంచకండి, మట్టి పరీక్ష చేయించకుండా పశువులనూ మేపనివ్వకండి. సున్నపురాయి గనుల్లో ఉదజని సూచిక ఎక్కువ ఉండి ఇనుము అందక ఆకులు పసుపు పచ్చబడతాయి. అక్కడ సేంద్రియ ఎరువు మోతాదు పెంచాలి, వేప, కానుగలతో మొదలుపెట్టాలి.

చెట్టుకంటే ముందు గడ్డి. ఏటవాలు దిబ్బ మీద గడ్డి లేకుండా మొక్క నాటితే తొలి పెద్ద వానకు మొక్క, ఎరువు, మీ శ్రమ కలిసి కింద చెలకలోకి వస్తాయి. యజమాని ప్రొక్లెయిన్ అక్కడున్నప్పుడే దిబ్బ వాలు తగ్గించమని అడగండి. తర్వాత అడిగితే ఎవరూ రారు. వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తీసి, కందకం అంచున వట్టివేరు, మధ్యలో స్టైలో, అంజన్ గడ్డి, వెంపలి విత్తనాలు చల్లాలి. కొత్తగా తెరుస్తున్న క్వారీ అయితే పైమట్టిని వేరుగా పోయించండి. ఆ కుప్ప మనిషి ఎత్తు దాటకూడదు, ఏళ్లపాటు ఉంచకూడదు, పైన జనుము చల్లి ఉంచాలి. ఎత్తుగా పోసి వదిలేసిన పైమట్టిలో లోపలి జీవులు ఊపిరాడక చస్తాయి. మనం కొని తేవలసిన మైకోరైజా మొదట ఉచితంగా ఉన్నది ఆ మట్టిలోనే.

పనిని కార్తెల ప్రకారం పెట్టుకోండి. గుంతలు రోహిణికి ముందే తీసి ఎండనివ్వాలి. మృగశిర జల్లులకు జనుమూ గడ్డి గింజలూ చల్లాలి. ఆరుద్ర, పునర్వసుల్లో నేల తడి లోతుకు దిగాక మొక్కలు పెట్టాలి. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు పడే ప్రాంతంలో ఆగస్టు దాటి నాటిన మొక్కకు వేరు పట్టే సమయం చాలదు.

లెక్క తెలియకుండా గుత్త ఒప్పుకున్నవాళ్లు మధ్యలోనే మానేస్తారు. ఎకరానికి మూడు మీటర్ల ఎడంతో సుమారు 450 మొక్కలు పడతాయి. గుంత 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు అనుకుంటే ఎకరంలో గుంతలన్నిటికీ దాదాపు 41 ఘనపు మీటర్లు నింపాలి. అందులో మూడో వంతు చెరువు మట్టి అయితే 14 ఘనపు మీటర్లు, ట్రాక్టరుకు మూడు చొప్పున ఐదు ట్రిప్పులు. గుంతకు ఐదు కిలోల మాగిన ఎరువు వేస్తే రెండుంపావు టన్నులు. ఇంతవరకు అందరూ లెక్కవేస్తారు. నీటి దగ్గర తప్పుతారు. ఫిబ్రవరి నుంచి మే దాకా వారానికి మొక్కకు పది లీటర్లు పోస్తే ఎకరానికి వారానికి 4,500 లీటర్లు, అంటే ఒక ట్రాక్టరు ట్యాంకరు. పదహారు వారాలు, రెండు ఎండాకాలాలు, ముప్పై రెండు ట్యాంకర్లు. ఈ పనిలో పెద్ద ఖర్చు ఇది. దీన్ని మొదటే కాగితం మీద పెట్టి అడగాలి. క్వారీ గుంతలో నిలిచిన నీళ్లు వాడుకోవచ్చా అని కూడా అడగండి, అయితే ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి. మొక్క చుట్టూ గడ్డి పరిస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, కొన్ని ట్యాంకర్లు మిగులుతాయి.

ఒప్పందం నాటిన మొక్కల లెక్క మీద రాసుకోకండి. ఆ లెక్క మీద ఎవరైనా మీకంటే తక్కువకు వస్తారు. నాటగానే నలభై శాతం, మొదటి ఎండాకాలం దాటాక జూన్ ఆఖరులో లెక్కపెట్టి ముప్పై, రెండో ఎండాకాలం దాటాక మిగతా ముప్పై అని అడగండి. నూటికి డెబ్బై ఐదు బతికితే పూర్తి బిల్లు అని రాయించండి. మేకలూ గొర్రెలూ రాకుండా కంచె ఎవరు వేయాలో, అగ్గి పడితే బాధ్యత ఎవరిదో ఆ కాగితంలోనే ఉండాలి. గొర్రెల కాపరులతో తగువు పెట్టుకోవద్దు. రెండేళ్లు గడ్డి కోసుకుపొమ్మని చెప్పి, మేపడం మాత్రం ఆపమని పెద్దమనుషుల ముందు మాట తీసుకోవాలి.

నర్సరీ, ఎరువు తయారీ, విత్తనాల సేకరణ మహిళా సంఘాలు బాగా చేయగలవు. ఉపాధి హామీ పనుల్లో పంచాయతీ నర్సరీలు నడిపిన అనుభవం మన ఊళ్ల ఆడవాళ్లకు ఉంది. కానుగ గింజలు, సీతాఫలం గింజలు ఏరిపెట్టే సంఘానికి ముందే కొనుగోలు మాట ఇవ్వండి. జట్టులో లెక్కలు రాసేవాళ్లు ఒకరు, నర్సరీ చూసేవాళ్లు ఒకరు, దిబ్బ మీద పని చేయించేవాళ్లు ఒకరు ఉంటే పదెకరాల పని పట్టవచ్చు.

క్రషర్ పక్కన పనిచేసేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు లేకుండా ఒక్క గంట కూడా ఉండొద్దు. రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. కూలీలకు మాస్కుల ఖర్చు మీ అంచనాలో రాయండి. నిట్టనిలువు క్వారీ గోడ అంచుకు ఎవరినీ పోనివ్వకండి, రాళ్ల దిబ్బల్లో పాములుంటాయి కాబట్టి బూట్లు తప్పనిసరి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. తవ్వినా మళ్లీ మొక్కలు పెంచేస్తాం కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నల్లమలలో యురేనియం తవ్వొద్దని అమ్రాబాద్ ప్రజలు పోరాడితే 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అది సరైన పని. మనం కంపోస్టూ మైకోరైజాలతో దిబ్బ మీద తెచ్చేది పది పదిహేను రకాల చెట్లూ కొంత గడ్డీ. వేల ఏళ్లలో అల్లుకున్న అడవి మన గుంతల్లోంచి రాదు. మన పని ఇప్పటికే చెడిన నేల కోసం. అడవిని కొత్తగా తవ్వడానికి మన పేరు సాకుగా వాడనివ్వకూడదు.

మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మీ ఊరికి దగ్గర్లోని ఒక క్వారీ యజమానిని అర ఎకరం అడగండి. మట్టి నమూనా పాలెం తీసుకెళ్లి ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం చూపించండి. ఆ అర ఎకరంలో సగం గుంతలకు ఎరువూ జీవులూ కలిపి వేయండి. మిగతా సగం అందరూ నాటినట్టు నాటండి. ప్రతి మొక్కకు నంబరు కట్టి, రెండు నెలలకోసారి ఎత్తు, బతికిందీ లేనిదీ పుస్తకంలో రాయండి. చచ్చిన మొక్కను పీకి వేరు చూడండి: చెదలు తిన్నదా, ఎండిందా, వేరు గుంత గోడ దాటలేదా అని కారణం పక్కన రాయండి. రెండో జూన్ నివేదిక నాటికి ఆ పుస్తకం, ఆ రెండు సగాల ఫొటోలు పట్టుకుని పక్క క్వారీ యజమాని దగ్గరికి వెళ్లి పదెకరాల రేటు మాట్లాడండి.